కలప అడిగితే పంపరా, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఆ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆట ఇన్నాళ్లూ కంప్యూటర్ మీద ఒక్కడివే ఆడుకునేవాడివి, ఇప్పుడు హాస్టల్ రూమ్మేట్‌తో జట్టు కట్టి ఆన్‌లైన్ ర్యాంక్డ్‌లోకి, అదే రేటింగ్ ఇచ్చే పోటీల్లోకి, దిగుతున్నావట. "నువ్వూ ఆడినోడివేగా, వాడికి నాలుగు మాటలు చెప్పు" అంది. అప్పట్నుంచి నాకు అదే ఆలోచన.

గర్వంగానే ఉందిరా. అందులో రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్, అదే ఆయన యుద్ధాల కథంతా, నువ్వు హార్డ్‌లో పూర్తిచేశావని మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను. ఆ రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవే మన రాజమండ్రి ఏలిన రాజరాజ నరేంద్రుడి భార్య. అది తెలిసి ఆడితే ఆ యుద్ధాలు మన చుట్టాల గొడవల్లా ఉంటాయి. అలాంటిది ఒంటరిగానే ఆడాలి. మధ్యలో ఆపి, టీ తాగొచ్చి, మ్యాప్ మూలమూలా తిరిగి చూస్తూ. ర్యాంక్డ్‌లో పడ్డాక చాలామంది దాన్ని వదిలేస్తారు. నువ్వు వదలకు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. వైఫై వద్దు, కేబుల్ పెట్టుకో. టౌన్ సెంటర్ ఖాళీగా ఉంచకు, అందులోంచి విలేజర్లు, అదే పనివాళ్లు, వస్తూనే ఉండాలి. మొదటి పది ఆటలు అయ్యేదాకా రేటింగ్ చూపించదు, అందులో ఓడిపోతే బెంగ పెట్టుకోకు. కంప్యూటర్ ఎటునుంచి వస్తుందో నీకు అలవాటైపోయింది. మనిషి అలా రాడు, నీ గోడలో ఉన్న ఒక్క సందు వెతుక్కుని వస్తాడు.

అసలు చెప్పాల్సింది వేరే.

2002, భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కాలేజీ దగ్గర నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లు లాన్‌లో కలిపి ఉండేవి. అంతకుముందు ఏడాదంతా ఇదే ఆట ఒక్కణ్ణే ఆడాను. బాగా కష్టమైన లెవెల్లో కంప్యూటర్‌కి అదనంగా సరుకు దొరికేది, అయినా ఓడించేవాణ్ణి. ఆ ధీమాతో కూర్చున్నాను. పక్క కుర్చీలో నా రూమ్మేట్, పాలకొల్లు కుర్రాడు. అవతల ఇద్దరూ సీనియర్లు. వాళ్లు ముందు వాడి మీద పడి, చెట్లు కొట్టే విలేజర్లందర్నీ చంపేశారు. చాట్‌లో 4 కొడితే "వుడ్ ప్లీజ్" అని గొంతు వస్తుంది కదా, వాడు 4 కొట్టాడు. నా దగ్గర వెయ్యికి పైగా కలప ఉంది. జట్టువాడికి సరుకు పంపాలంటే ఉండాల్సిన మార్కెట్ కూడా కట్టేశాను. పంపాలంటే ఒక్క క్లిక్కు. కానీ వండర్‌కి, అంటే కట్టి కొంతసేపు కాపాడుకుంటే ఆట గెలిచే పెద్ద కట్టడానికి, కలప, బంగారం, రాయి తలా వెయ్యి కావాలి. ఒంటరిగా ఆడినప్పుడల్లా నేను అలాగే గెలిచేవాణ్ణి. జట్టులో ఉన్న కంప్యూటర్ చచ్చిపోయినా పట్టించుకునేవాణ్ణి కాదు, దానికి బాధేముంది? మళ్లీ "వుడ్ ప్లీజ్". మళ్లీ. చివరికి వాడు హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగి, "ఒరేయ్, కొంచెం పంపరా" అన్నాడు మెల్లగా. నేను తల కూడా తిప్పకుండా "నీకు ఆడ్డం రాకపోతే నన్నేం చేయమంటావ్" అన్నాను. సీనియర్లు విన్నారు. కౌంటర్ దగ్గరి కుర్రాడూ విన్నాడు.

వాడు పోయాక ఇద్దరూ నా మీదకొచ్చారు. వండర్ పునాది దగ్గరే ఆగింది. ఓడిపోయిన సంగతి కాదు నాకు గుర్తున్నది. వాడు లేచి, ఇద్దరి డబ్బులూ కట్టేసి, చెప్పులేసుకుని కాలవ గట్టు మీద ఒక్కడే నడుచుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత ఏడాదిపాటు అదే రూములో ఉన్నాం. వాళ్లమ్మ పంపిన కందిపొడి నాకు పెడుతూనే ఉన్నాడు. ఆటకి మాత్రం మళ్లీ పిలవలేదు. నేనూ సారీ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే నంబర్ లేదు.

నీకు కోపం ఎక్కువరా, మా నాన్న పోలిక. చిన్నప్పుడు క్యారమ్స్ ఓడిపోతే కాయిన్లు అరుగు మీదనుంచి విసిరేసేవాడివి, చీకట్లో టార్చి పట్టుకుని నేను ఏరుకొచ్చేవాణ్ణి. అందుకే నా భయం. రేటింగ్ పడిపోతే మళ్లీ లేస్తుంది. నీ రూమ్మేట్‌ని మాత్రం మైక్‌లో ఒక్క మాట కూడా అనకు. ఏదన్నా ఉంటే ఆట అయ్యాక, అన్నం తినేటప్పుడు మాట్లాడుకోండి. మార్కెట్ కాస్త ముందే కట్టు. పంపేదాంట్లో కొంత సుంకం పోతుంది, పోనీ, పంపు.

రాత్రి పదకొండు దాటాక ఆడకు, నిద్ర మొహంతోనే మాటలు జారతాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. మీ అత్తయ్య సున్నుండలు చేస్తానంది. వస్తానంటే మీ రూమ్మేట్‌ని కూడా తీసుకురా, వాడు ఎలా ఆడతాడో చూడాలని ఉంది.

మీ మావయ్య,
అమలాపురం