డాక్టర్ సలహా: విస్కీ మానేసి బీర్‌కి మారాను, లివర్‌కి మంచిదే కదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. పదేళ్లుగా రోజూ రాత్రి మూడు పెగ్గుల విస్కీ తాగేవాణ్ణి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ ఉందన్నారు, అందుకని ఎనిమిది నెలల కిందట విస్కీ పూర్తిగా మానేసి బీర్‌కి మారాను. ఇప్పుడు రోజూ 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీర్, 650 మిల్లీలీటర్ల బాటిల్స్ రెండు. పొద్దున లేవగానే చేతులు కొంచెం వణుకుతున్నాయి, ఫ్రెండ్ ఇచ్చిన నిద్రమాత్ర వేసుకుంటే తగ్గుతోంది. తలనొప్పికి పారాసెటమాల్ వాడతాను. చాలా దేశాల్లో బీర్, వైన్ మీద రూల్స్ తక్కువని చదివాను, అంటే అవి సేఫ్ అనే కదా? రెడ్ వైన్ గుండెకి మంచిదంటారు, దానికి మారమంటారా?

జవాబు: మీరు అడిగినదానికి తర్వాత వస్తాను, ముందు ఆ చేతుల వణుకు సంగతి చూద్దాం. మీరు "కొంచెం" అని ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు కానీ మీ ఉత్తరంలో నాకు భయం వేసింది అక్కడే. రోజూ తాగేవాళ్లకి పొద్దున చేతులు వణుకుతున్నాయంటే, రాత్రి తాగింది దిగిపోతుంటే ఒళ్లు తట్టుకోలేకపోతోందేమో అని మేం ముందు అనుమానిస్తాం, దాన్నే విత్‌డ్రాయల్ అంటారు. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ పడిపోయినా, కొన్ని మందుల వల్లా కూడా వణుకు రావచ్చు, మిమ్మల్ని చూడకుండా ఇదే అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ నిద్రమాత్రకి వణుకు తగ్గుతోందన్నారు చూడండి, అక్కడే నా అనుమానం బలపడింది. నిద్రమాత్రలని మనవాళ్లు వాడేవాటిలో చాలావరకు మెదడు మీద ఆల్కహాల్ పనిచేసే చోటే పనిచేస్తాయి, అందుకే వణుకు ఆగుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఇలాంటి మందులతోనే మేం హాస్పిటల్లో విత్‌డ్రాయల్‌కి ట్రీట్‌మెంట్ చేస్తాం, నిజమే, కాకపోతే పల్స్, బీపీ, ఊపిరి చూసుకుంటూ, డోస్ లెక్కకట్టి, రోజురోజుకీ తగ్గిస్తూ ఇస్తాం. మీరు వేసుకుంటోంది ఫ్రెండ్‌కి రాసిన మందు, అదీ కడుపులో బీర్ ఉండగా. రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి మందగించి ఆగిపోయే ప్రమాదం ఉంది, వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఫ్రెండ్ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ 46 ఏళ్ల మనిషి, చదువుకున్నవారు, ఎవరి మాత్రో తెచ్చి వేసుకుంటారా అండి? ఓపీలో రోజూ చూస్తున్నాను ఇది, జబ్బు కన్నా ముందు సొంత వైద్యమే మనిషిని పడేస్తోంది. రోజూ వేసుకుంటున్నారా అప్పుడప్పుడా అన్నది మీరు రాయలేదు. నెలల తరబడి రోజూ అయితే ఆ మాత్రని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు, అందుకే ఈ విషయం ఇక్కడ తేలేది కాదు, ఒకటి రెండు రోజుల్లోనే ఫిజీషియన్‌కి గానీ సైకియాట్రిస్ట్‌కి గానీ చూపించుకోండి.

ఇది చదివి భయపడి ఈ రాత్రికే అంతా బంద్ అనుకోవద్దు, దయచేసి. పదేళ్లుగా రోజూ తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మనిషి మాట తడబడి, లేనివి కనబడి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానాల్సిందే, డాక్టర్ చేతుల మీదుగా మానాలి. బీ1 విటమిన్ కూడా ఇస్తారు, దాన్ని చిన్నచూపు చూడొద్దు, అది బాగా తగ్గిపోయినవాళ్లకి మతిమరుపు శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇక బీర్ సంగతి. లివర్‌కి సీసా మీద లేబుల్ తెలీదు, లోపలికి వెళ్లిన ఆల్కహాల్ ఎన్ని గ్రాములన్నదే దానికి లెక్క. 40 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో సుమారు 19 గ్రాములు ఉంటుంది, పెగ్గంటే అంతే అనుకుంటే మూడు పెగ్గులకి 57. మీ స్ట్రాంగ్ బీర్ ఒక్క బాటిల్‌లో 41, రెండిటికీ 82. అంటే లివర్ కోసమని మారి ఎనిమిది నెలలుగా ముందుకన్నా ఎక్కువే తాగుతున్నారు. మిమ్మల్ని తప్పుపట్టట్లేదు, ఈ లెక్క మీకు స్కానింగ్ రోజే ఎవరో కూర్చోబెట్టి చెప్పాల్సింది.

తేడాలు అసలు లేవని కాదు. విస్కీ, బ్రాందీ లాంటివి నీళ్లు కలపకుండా తాగితే గొంతుని, కడుపుని ఎక్కువ మండిస్తాయి, గబగబా ఎక్కేస్తాయి. బీర్‌తో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, గౌట్, అంటే కీళ్లు వాచి విపరీతంగా నొప్పి పెట్టే జబ్బు ఉన్నవాళ్లకి అదే పెద్ద శత్రువు. రెడ్ వైన్‌లో మంచి పదార్థం అని చెప్పేది ఉంటుంది కానీ మరీ కొంచెం, గుండె కోసమని తాగని మనిషికి ఏ డాక్టరూ దాన్ని మొదలుపెట్టమని రాయరు, మీకైతే అసలే వద్దు.

రూల్స్ అన్నారు కదా, వాటిని ఆరోగ్య సర్టిఫికెట్‌గా తీసుకోకండి. జర్మనీలో బీర్, వైన్ 16 ఏళ్లకే కొనుక్కోవచ్చు, విస్కీ, బ్రాందీ లాంటి స్పిరిట్స్‌కి 18 నిండాలి, అంటే 16 ఏళ్ల పిల్లాడి లివర్‌కి బీర్ మంచిదనా? ఘాటైనవాటితో తొందరగా మత్తెక్కి ప్రమాదాలు జరుగుతాయి, అలవాట్లు ఉంటాయి, వ్యాపారం ఉంటుంది, ఇవన్నీ చూసుకుని ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వం రూల్ పెట్టుకుంటుంది. ఒక డ్రింక్ అంటే ఎంత ఆల్కహాల్ అన్న లెక్కే దేశానికో రకం, బ్రిటన్‌లో 8 గ్రాములు, అమెరికాలో 14. క్యాన్సర్ విషయంలో మాత్రం తేడా లేదు, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యం మొత్తాన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తాయని రుజువైనవాటి జాబితాలో పెట్టింది, బీర్‌కి మినహాయింపు ఇవ్వలేదు. ఇంత తాగితే ఏమీ కాదు అని చెప్పగల హద్దు లేదని డబ్ల్యూహెచ్‌ఓ యూరప్ విభాగం 2023 జనవరిలో చెప్పింది.

పారాసెటమాల్ కూడా మీ ఇష్టానికి వేసుకోవద్దు. మామూలు మనిషికి పర్వాలేని డోస్ కూడా రోజూ తాగేవాళ్ల లివర్‌కి, అందులోనూ తిండి సరిగ్గా తినకపోతే, విషం అవ్వొచ్చు. అలాగని దానికి బదులు వేరే పెయిన్ కిల్లర్ కొనుక్కోకండి, కడుపులో రక్తస్రావం అవ్వొచ్చు.

టెస్టులు మీ డాక్టర్ చూసి చెప్తారు, మామూలుగా అయితే లివర్ పనితీరు చూసే రక్తపరీక్షలు ఎల్‌ఎఫ్‌టీ, జీజీటీ, రక్తకణాలు లెక్కించే సీబీసీ, షుగర్, థైరాయిడ్, అవసరమైతే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్. ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ వచ్చిందని మళ్లీ ధైర్యంగా సీసా తీయకండి, లివర్ గట్టిపడ్డాక కూడా అది నార్మల్‌గా రావచ్చు. ఈలోగా ఫిట్స్, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, మాట తేడాగా ఉండటం, వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. ఇంట్లో ఎవరో ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచండి, వెళ్లేటప్పుడు వాళ్లనీ వెంట తీసుకెళ్లండి, ఆ నిద్రమాత్రల స్ట్రిప్ కూడా మర్చిపోకండి, దాని మీద పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చూస్తే గానీ ట్రీట్‌మెంట్ ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్‌కి తెలియదు.