సంగీత సందేహాలు: కంపెనీ లేకుండా బ్యాండ్ నడిచేదెట్ల?

ప్రశ్న: మేం నలుగురం దోస్తులం. సొంత పాటలతో రాక్ బ్యాండ్ నడుపుతున్నం. ఆరు పాటలకు ముప్పై వేలిస్తం, హక్కులన్నీ రాసియ్యున్రి అని ఒక కంపెనీ అంటున్నది. అమెరికాలో ఫుగాజీ బ్యాండ్ పెద్ద కంపెనీ మొకం చూడకుండానే పేరు తెచ్చుకున్నదట. మాకూ అయితదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అవుతుంది. అయితే వాళ్లకు ముందునుంచీ ఉన్న బలమేమిటో చూడండి. ఫుగాజీ గాయకుడు ఇయాన్ మెకాయ్ 1980లోనే మిత్రులతో కలిసి వాషింగ్టన్‌లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. తన పాత బ్యాండ్ టీన్ ఐడిల్స్ కచేరీల్లో కూడబెట్టిన డబ్బుతో ఆ బ్యాండ్ రికార్డే మొదట వేశాడు. 1987లో ఫుగాజీ తొలి కచేరీ చేసే నాటికి రికార్డు వేయడం, అమ్మడం వాళ్లకు చేతనైన పని. 2001 నాటి ‘ది ఆర్గ్యుమెంట్’ దాకా ఆల్బమ్‌లన్నీ డిస్కార్డ్ నుంచే వచ్చాయి.

రెండోది ఖర్చు. మేనేజర్ లేడు. కచేరీలు తామే కుదుర్చుకునేవారు. అందుకే టికెట్‌ను ఐదు డాలర్ల దగ్గర ఆపగలిగారు. ఖర్చు తగ్గించకుండా టికెట్ ఒక్కటే తగ్గిస్తే రెండు కచేరీలకే చేతులెత్తేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లను అనుసరించకండి. డిస్కార్డ్‌లో ఒప్పంద పత్రాలుండవు, అంతా నోటిమాటే. తెలిసినవాళ్ల మధ్య అది చెల్లింది. మీరు కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీలో గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలుంటే కొట్టేయించండి. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా అడిగే హక్కు 2012 సవరణ తర్వాత బదిలీతో పోదు. రికార్డింగ్ హక్కు, అంటే రికార్డ్ చేసిన శబ్దం మీద హక్కు మాత్రం వేరు. దాన్ని అమ్మకుండా, రెండు మూడేళ్లు వాడుకునే అనుమతి (లైసెన్సు) మాత్రమే ఇస్తామని అడగండి. ఒప్పుకోకపోతే ముప్పై వేలు వదులుకోవడమే మేలు. ఏ పాట ఎవరు రాశారు, ఎవరి వాటా ఎంత అన్నది మీ నలుగురి మధ్య కూడా ఈ వారమే రాసుకోండి. పాట నడిచాక రాసుకుందామంటే దోస్తానా చెడుతుంది.

ప్రశ్న: కచేరీని మిక్సర్ నుంచి రికార్డ్ చేస్తే గొంతే వస్తున్నది, గిటార్ వినిపిస్తలేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: చిన్న హాల్లో గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) సొంతంగానే గట్టిగా మోగుతుంది కాబట్టి దాన్ని మిక్సర్‌కు (శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టెకు) కలపరు, కలిపినా తక్కువే పెడతారు. హాలు మధ్యలో, తల ఎత్తుకు పైన ఒక రికార్డర్ కూడా పెట్టండి. మొదట్లో వేదిక మీద ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే, ఆ గుర్తు పట్టుకుని రెండు ట్రాకులనూ తర్వాత జత చేయొచ్చు. రికార్డర్ మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనీయొద్దు. పగిలిన శబ్దం మళ్లీ బాగుపడదు. ఫుగాజీ తన వెయ్యికి పైగా కచేరీల్లో ఎనిమిది వందలకు పైగా రికార్డ్ చేసి దాచుకుంది, 2011 నుంచి వాటిని అమ్ముతోంది. మీరూ ఏదీ చెరపకండి. ‘గుంయ్’మని హమ్ వస్తే మిక్సర్, ఆంప్‌లు ఒకే కరెంటు లైను మీదికి తెండి. ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు, మైకు పట్టుకున్నవాళ్లకు షాక్ కొట్టొచ్చు.