నీ పాఠకులకు నెలకో ఉత్తరం రాయి

నల్లగొండ

బిడ్డా,

ఆశీస్సులు. నీ కథల పుస్తకం అందింది, రెండుసార్లు చదివాను. కథల గురించి వేరే ఉత్తరం రాస్తాను, ఆ ముచ్చట చాలా ఉంది. ఇది నువ్వు ఫోన్లో అడిగినదానికి జవాబు. "పెద్దమ్మా, ఐదువందల కాపీలు అచ్చేయించిన, ఆవిష్కరణ అయింది, ఫేస్‌బుక్‌ల పెట్టిన, లైకులొచ్చినయి, తర్వాత అంత సల్లబడ్డది. ఇప్పుడేం జేయాలె?" అన్నావు. నీ గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. దిగులు పడకు. చేయాల్సిన పని ఒకటుంది, అది చెబుతాను.

నీ పుస్తకం చదివి మెచ్చుకున్నవాళ్లు ఎక్కడో ఉన్నారు. వాళ్లెవరో నీకు తెలియదు. రేపు రెండో పుస్తకం వస్తే ఆ కబురు వాళ్లకు ఎట్లా అందుతుంది? నీ పోస్టు ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో ఫేస్‌బుక్కే తేలుస్తుంది. స్నేహితుల జాబితాలో వేలమంది ఉన్నా అందరికీ కనపడదు. ఆ జాబితా నీ సొంతం కూడా కాదు, అకౌంటు పోయిన రోజు పాఠకులూ పోతారు. మా తరానికి వారపత్రికలుండేవి. కథ అచ్చయితే ఎక్కడెక్కడి నుంచో కార్డులు వచ్చేవి, పేరూ ఊరూ రాసి మరీ మెచ్చుకునేవాళ్లు, తిట్టేవాళ్లు. కరోనా తర్వాత ఆ పత్రికల్లో కొన్ని ఆగిపోయాయి. రచయితకూ చదివేవాళ్లకూ మధ్య ఆ తోవ ఇక మనమే వేసుకోవాలి. నెలకొకసారి నీ పాఠకులకు ఒక ఉత్తరం రాయి. ఇప్పటివాళ్లు న్యూస్‌లెటర్ అంటున్నారు, ఆ మాట చూసి జడుసుకోకు.

మన జిల్లాలకు ఇదేమీ కొత్త కాదు. 1913లోనే మీ మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని వచ్చింది. 1922లో మా నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరి పత్రిక తెచ్చారు. నిజాం పాలన, తెలుగు చదవగలిగినవాళ్లే తక్కువ, అయినా తెచ్చారు. అందరికంటే ఎక్కువగా నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది సురవరం ప్రతాపరెడ్డిగారిని. మీ పాలమూరు బిడ్డ. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన నాలుగు ఘాటు మాటలు తిరిగి రాసి ఊరుకోలేదు. 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక చేతిలో ఉంది కదా, కవులారా మీ పద్యాలు పంపండి, మీ వివరాలు పంపండి అని ఊరూరికీ కబురు పెట్టారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఈ సంగతి సభల్లో ఆత్మగౌరవం గురించి మాట్లాడేటప్పుడు చెబుతుంటారు, అది న్యాయమే. నాకు అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. అడిగితే పలికేవాళ్లు మారుమూల పల్లెల్లో కూడా ఉన్నారని ఆయన నమ్మారు. నువ్వు ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ నమ్మకంతోనే కూర్చో.

ముందు చిరునామాలు కావాలి. ఆవిష్కరణ సభలో పుస్తకం కొన్నవాళ్ల పేర్లు రాయించుకోలేదన్నావు. సరే, సభలు ఇంకా ఉంటాయి. పుస్తకాలు పెట్టిన టేబుల్ మీద ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టు. పేరు, ఊరు, ఫోను, ఈమెయిల్, నాలుగే గడులు. జనం నిలబడి గబగబా రాస్తారు కాబట్టి ఈమెయిల్ తర్వాత చదవడానికి సరిగ్గా అర్థం కాదు. ఒకటి అంకెకూ ఎల్ అక్షరానికీ తేడా ఉండదు, చుక్క ఉందో లేదో తెలియదు. అందుకని వాళ్లు అక్కడుండగానే పైకి చదివి, "ఇదేనా అన్నా?" అని అడుగు. పడుచువాళ్ల కోసం గూగుల్ ఫారం ఒకటి తయారుచేసి దాని క్యూఆర్ కోడ్ అట్టమీద అంటించి పక్కన పెట్టు. అడిగేటప్పుడు సంగతి స్పష్టంగా చెప్పాలి: "నెలకొక్క ఉత్తరం పంపుతాను, వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, ఆపేస్తాను" అని.

సాహిత్య గ్రూపుల్లోంచి నంబర్లు ఏరుకొచ్చి చేర్చుకోవద్దు. ఇందులో నేను గట్టిగా ఉంటాను. మనిషిని అడగకుండా నంబరు వాడుకోవడం మర్యాద కాదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఒప్పుకున్నాకే తీసుకోవాలి, వద్దంటే వదిలేయాలి అంటుంది. అడగకుండా చేర్చిన వందమంది కంటే తానై పేరిచ్చిన పదిమంది నయం. ఆ పదిమంది ఉత్తరం తెరుస్తారు.

ఇంట్లో మిగిలిన కాపీలున్నాయి కదా. ప్రతి కాపీలో చివరి పేజీ దగ్గర చిన్న చీటీ పెట్టు. "ఈ కథల వెనక సంగతులు నెలనెలా రాస్తుంటాను, కావాలంటే ఈ నంబరుకు మీ పేరు, ఊరు పంపండి" అని చాలు. పుస్తకం పూర్తిచేసిన నిమిషంలోనే మనిషికి రాసినవాళ్లతో మాట్లాడాలనిపిస్తుంది, చీటీ ఆ పేజీలోనే ఉండాలి.

ఇక ఉత్తరంలో ఏం రాయాలి? చాలామంది తడబడేది ఇక్కడే. నా పుస్తకం వచ్చింది, నాకు సన్మానం జరిగింది, నా కథకు బహుమతి వచ్చింది, ఫలానా పత్రికలో సమీక్ష వచ్చింది. నెలనెలా ఇదే వస్తుంటే సొంత తమ్ముడైనా తెరవడు. నీ వార్తలు రాయొద్దని కాదు, రాయాలి. కానీ వాటికి అడుగున నాలుగు వరుసలు చాలు. పైనంతా చదివేవాళ్ల చేతిలో పెట్టదగ్గది ఏదో ఒకటి ఉండాలి.

నీ దగ్గర అది దండిగా ఉంది, నీకే తెలియడం లేదు. నీ మూడో కథలో పుట్టపాక నేతగాడు తేలియా రుమాలు అనే చేనేత గుడ్డ నేస్తాడు. కథలో దాని గురించి ఒక్క వాక్యమే రాశావు, కథకు అంతే కావాలి. కానీ ఆ వాక్యం కోసం నువ్వు ఆ ఊరికి పోయి, వాళ్లింట్లో కూర్చుని ఎన్ని చూసొచ్చావు! ఆముదపు కాయల పొట్టు కాల్చి బూడిద చేయడం, ఆ బూడిద నీళ్లూ నూనే కలిపి నూలును నానబెట్టడం, పిండడం, ఆరబెట్టడం, మళ్లీ నానబెట్టడం, రోజుల తరబడి. ఇల్లంతా నూనె వాసన. తర్వాత సైకిలు ట్యూబు కోసిన సన్నని రబ్బరు ముక్కలతో నూలును గీతల ప్రకారం బిగించి కట్టడం, కట్టినచోట రంగు పట్టకుండా ఉండడం. ఆ ఇంటామె కట్లు విప్పుతూ, ఎక్కడైనా రంగు లోపలికి పాకిందా అని నూలును వెలుతురుకు పట్టి చూసిందని నాకు ఫోన్లో చెప్పావు. ఆమె చూపు గురించి చెబుతుంటే నీ మాట ఎంత బాగుందో! అదే రాయి. నీ మొదటి ఉత్తరం అదే కావాలి. అది చదివినవాళ్లు కథ మళ్లీ తీసి ఆ వాక్యం దగ్గర ఆగుతారు. కథ చదవనివాళ్లు పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.

అట్లాగే కథలోంచి తీసేసిన పేరా ఒకటి పెట్టొచ్చు, ఎందుకు తీసేశావో రాస్తూ. ముగింపు రెండు రకాలుగా రాసుకుని ఏది ఉంచాలో తేలక ఇబ్బంది పడిన సంగతి చెప్పొచ్చు. నువ్వు ఈ నెల చదివిన వేరేవాళ్ల పుస్తకం గురించి తప్పకుండా రాయి, అచ్చంపేటలోనో గద్వాలలోనో దేవరకొండలోనో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న కొత్తవాళ్లది అయితే మరీ మంచిది. ధర ఎంత, ఎవరిని అడగాలి అనేది కూడా రాయి, వాళ్లను అడిగాకే నంబరు ఇవ్వు. మన దగ్గర పుస్తకాలు అమ్మే దుకాణాలే తక్కువ. ఒక రచయిత తన పాఠకులకు ఇంకో రచయితను పరిచయం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

నీ వార్త రాసేటప్పుడు మాత్రం పూర్తిగా రాయి. "త్వరలో సభ, అందరూ ఆహ్వానితులే" అంటే ఎవరూ రారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ హాలు, బస్టాండు నుంచి ఎట్లా రావాలి, చివరి బస్సు అందుతుందా అన్నది రాయాలి. నారాయణపేట నుంచి వచ్చే ఆడపిల్లకు ఆ చివరి బస్సు సంగతే ముఖ్యం. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో నీ పుస్తకం ఉంటే స్టాల్ నంబరు ఇవ్వు.

పొడుగు ఎంతంటావా? టీ తాగుతూ చదివి ముగించేంత. ఎప్పుడంటావా? ప్రతి నెలా ఒకే వారం, ఒకే రోజు. రాయడానికేమీ లేని నెల నాలుగు వాక్యాలైనా పంపు, పూర్తిగా ఎగ్గొట్టకు. మొదటి పలకరింపు "ప్రియమైన పాఠక మహాశయులకు" అని పెట్టకు, అది సభలో మైకు ముందు మాట. నీ పుస్తకం చదివిన ఒక్క మనిషిని మనసులో పెట్టుకుని, ఆ మనిషికి రాసినట్టు రాయి. ఈమెయిల్ పైన పెట్టే శీర్షిక (సబ్జెక్ట్ లైన్) కూడా అట్లాగే. "న్యూస్‌లెటర్ సంచిక 1" అని కాకుండా "పుట్టపాకలో నూనె వాసన" అని పెట్టు. ఫోన్లో మొదటి మూడు నాలుగు మాటలే కనిపిస్తాయి, అసలు మాట ముందే రావాలి.

పంపే పద్ధతి సంగతి. నీ పుస్తకం డీటీపీ అను ఫాంట్లలో జరిగింది కదా. ఆ ఫైలులోంచి పేరా తీసి ఈమెయిల్లో పెడితే అవతలివాళ్లకు తెలుగు కాదు, పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాల్లోకి మార్చుకోవాలి, మార్చాక మళ్లీ చదువుకోవాలి. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, సున్నలు ఎగిరిపోతాయి. కుదిరితే ఉత్తరాన్ని మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైపు చెయ్యి. అక్షరాలను బొమ్మగా మార్చి పంపే అలవాటు కొందరికుంది. అది వద్దు. కళ్లు సరిగా కనపడనివాళ్లు అక్షరం పెద్దది చేసుకోలేరు, ఫోనుతో చదివించుకుని వినేవాళ్లకు అసలే వినపడదు.

మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు. నీకు ఇప్పుడు అంతమంది లేరు కాబట్టి దానితోనే మొదలుపెట్టు, కాకపోతే చిరునామాలన్నీ బీసీసీ గడిలోనే వేయాలి. లేకపోతే ఒకరి చిరునామా అందరికీ కనిపిస్తుంది. తర్వాత ఇట్లాంటి ఉత్తరాలు పంపిపెట్టే సబ్‌స్టాక్ లాంటి వెబ్‌సైటుకు మారొచ్చు, ఉచితంగా పంపినంతకాలం అది డబ్బు అడగదు, చందా పెడితే అందులో పదోవంతు తీసుకుంటుంది. చందా ఆలోచన ఇప్పుడే వద్దు. ఇంకొకటి, ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మధ్యలో కత్తిరించి మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు అయితే మన అక్షరంలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. అంటే మనకు ఆ హద్దు తొందరగా వస్తుంది. పెద్ద కథ మొత్తం అందులో పెట్టకు.

మనవాళ్లలో చాలామంది ఈమెయిల్ తెరవరు, వాట్సాపే చూస్తారు. అందులో గ్రూపు పెట్టకు. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లల నంబర్లు పట్టుకుని రాత్రిపూట మెసేజీలు పెట్టేవాళ్లుంటారు, నిన్ను నమ్మి నంబరిచ్చిన పిల్లకు ఆ టెన్షన్ మనమెందుకు తేవాలి? బ్రాడ్‌కాస్ట్ జాబితా చేసుకో. ఒక్కోదానిలో 256 మంది పడతారు, ప్రతి ఒక్కరికీ విడిగా వచ్చినట్టే వస్తుంది, జవాబిస్తే నీకొక్కదానికే వస్తుంది. అయితే నీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది, కాబట్టి పేరు రాయించుకునే రోజే సేవ్ చేయించు. వాట్సాప్ చానెల్ పెట్టుకుంటే నంబర్లు బయటపడవు, కానీ అది కబురు చాటడానికి పనికొస్తుంది, మనసు విప్పి జవాబు రాయడానికి కాదు. ఫోనే సరిగా వాడని పెద్దవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. వాళ్లకు పోస్టు కార్డు వేయి, ఖర్చు 50 పైసలే. సంతోషం మాత్రం చాలా పెద్దది.

ఎంతమంది తెరిచారో చూపించే లెక్కలుంటాయి, వాటిని చూసి పొంగకు, కుంగకు. యాపిల్ ఫోన్లలో 2021 నుంచి మనిషి చదవకపోయినా తెరిచినట్టు లెక్కలో పడొచ్చు. నువ్వు చూడాల్సింది జవాబులు. ప్రతి ఉత్తరం చివర ఒక నిజమైన ప్రశ్న అడుగు. "మీ అభిప్రాయాలు తెలపగలరు" అంటే ఎవరూ తెలపరు. "మీ ఇంట్లో పాత తేలియా రుమాలు ఉందా? ఎవరు కట్టుకునేవాళ్లు?" అని అడిగి చూడు. మన వైపు నుంచి మగ్గాల పనికి భివండికి, షోలాపూర్‌కు పోయినవాళ్ల పిల్లలున్నారు, పుణెలో మేస్త్రీ పని చేస్తూ ఫోన్లో తెలుగు చదివేవాళ్లున్నారు. అట్లాంటి ఒక్కరు "మా నాయనమ్మది ఉంది" అని రాస్తే చాలు, నీకు ఇంకో కథ దొరికినా దొరుకుతుంది. ఆ సంగతి తర్వాతి ఉత్తరంలో రాయాలనుకుంటే వాళ్లనడిగి రాయి. జవాబు వచ్చిన ప్రతివాళ్లకూ తిరిగి రాయి, రెండు వాక్యాలైనా సరే, పేరు పెట్టి పిలిచి రాయి. వద్దని వెళ్లిపోయేవాళ్లను ఎందుకని అడగకు. పేరు వెంటనే తీసేయి.

ఈ ఆదివారం కూర్చుని మొదటి ఉత్తరం రాసి నాకు పంపు, నేను చదివి రాతతప్పులు దిద్ది ఇస్తాను. నల్లగొండలో నీ పుస్తకం నా చేతిమీదుగా తీసుకున్నవాళ్లున్నారు. వాళ్లందరికీ ఫోన్ చేసి, ఒప్పుకున్నవాళ్ల నంబర్లు మాత్రమే పంపిస్తాను. నాకు ఇంకో పది కాపీలు కావాలి, చీటీలు పెట్టి పంపు.

నీ పెద్దమ్మ