మారేడుపల్లిలో పాత ఫ్లాటా, కంటోన్మెంట్‌లో పెంకుటిల్లా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలో అద్దెకుంటున్నాం. నాకు 41 ఏళ్లు, దగ్గర్లోనే ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి 44, జీడిమెట్లలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 1.48 లక్షలు చేతికొస్తుంది. అద్దె 25 వేలు, కారు ఈఎంఐ 9 వేలు (ఇంకో రెండేళ్లు). ఎఫ్‌డీల్లో 24 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 12, పీపీఎఫ్‌లో 7 ఉన్నాయి. పాప పదో తరగతి, బాబు ఆరు. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. 1994లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాటు 82 లక్షలకు చెబుతున్నారు. దాని ఓనరు పోయారు, భార్యా పిల్లలు అమ్ముతున్నారు. కొడుకు అమెరికాలో ఉంటాడు, కూతురు బెంగళూరులో. ఇంకోటి, కంటోన్మెంట్ వైపు పాత బంగ్లా ఆవరణలో 120 గజాల పెంకుటింటి భాగం 55 లక్షలకే వస్తోంది. దానికి బ్యాంకు లోను రాదట. ఉన్నదంతా తీసి, తక్కువైంది బంగారం పెట్టి కొందామని మావారు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ముందు పెంకుటిల్లు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. 55 లక్షలు చూసి మీవారు ముచ్చటపడటంలో తప్పు లేదు. చుట్టూ వేపచెట్లు, ఎత్తయిన పైకప్పు, ముందు వరండా, ఎవరికైనా మనసవుతుంది. కానీ లోను రాదన్న మాటను చిన్న ఇబ్బందిలా తీసుకోకండి. ఇల్లు తాకట్టు పెట్టుకుని అప్పివ్వడమే పనిగా పెట్టుకున్న బ్యాంకు ఒక ఇంటిని వద్దంటోందంటే, ఆ స్థలం అమ్మేవాళ్లది కాదేమోనని అనుమానించాలి.

సైన్యం కోసం ఏర్పడ్డ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని పాత బంగ్లాల్లో చాలావాటిని ఓల్డ్ గ్రాంట్ స్థలాలంటారు. ఆ భూముల లెక్క చూసే డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసు జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో ఇవి బీ-3 తరగతి కింద ఉంటాయి. కట్టడం మీద హక్కు మనిషిది, నేల కేంద్ర ప్రభుత్వానిది. అనుమతి లేకుండా చేతులు మార్చడం, ముక్కలు చేసి అమ్మడం కుదరదు. 120 గజాల ‘భాగం’ అన్నారంటేనే ఎవరో ముక్కలు చేస్తున్నారన్నమాట. కాగితాలు నోటరీ మీద రాసిస్తామంటే అక్కడితో మాట ఆపేయండి. నోటరీ కాగితంతో స్థిరాస్తి మీ పేరుకు మారదు.

‘కంటోన్మెంట్ త్వరలో మునిసిపాలిటీలో కలిసిపోతుంది, అప్పుడు రేటు రెట్టింపే’ అని బ్రోకరు చెప్పే ఉంటాడు. కంటోన్మెంట్లలో జనం ఉండే ప్రాంతాలను పక్క మునిసిపాలిటీల్లో కలపాలన్న ఆలోచన కేంద్రానికి ఉన్న మాట నిజం. 2023లో హిమాచల్‌లోని యోల్‌తో అది మొదలైంది. అయితే దాంతో మారేది రోడ్డు, నీళ్లు, పన్ను ఎవరు చూస్తారన్నది. నేల ఎవరిదన్నది దానంతటది మారిపోదు. అలాగని కంటోన్మెంట్ అంతా ఇంతే అనుకోకండి. మామూలు పట్టా స్థలాల్లో కట్టి, బ్యాంకులు నిక్షేపంగా లోన్లిస్తున్న కాలనీలు అక్కడ బోలెడున్నాయి. మీవారు చూసింది మాత్రం వద్దు.

ఇక ఫ్లాటు. 82 లక్షలన్నది ఫ్లాటు ధర, మీకయ్యే ఖర్చు కాదు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6.15 లక్షలు. ముప్పై ఏళ్లు దాటిన ఫ్లాటులో వైరింగు, పైపులు, బాత్‌రూముల వాటర్‌ప్రూఫింగు మార్చక తప్పదు. దానికి నేనైతే 6 లక్షలు పక్కన పెడతాను. మొత్తం 94 లక్షల పైచిలుకు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వరు, ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపరు. అంటే గరిష్ఠంగా 65.6 లక్షలు. మిగతా ఇరవై ఎనిమిదిన్నర లక్షలు మీ చేతి నుంచి పోవాలి. మీవారు రిటైరయ్యేలోపు తీరాలి కాబట్టి 15 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ వేసుకుంటే ఈఎంఐ 64,600. కారుది కలిపితే 73,600, మీ ఆదాయంలో దాదాపు సగం. పాప పదో తరగతి అయ్యాక రెండేళ్లలో ఇంటరు ముగించి ఇంజనీరింగో మెడిసినో అంటుంది. ఆ ఏడాది ఈ లెక్క మిమ్మల్ని నిద్రపోనివ్వదు.

అదే ఫ్లాటు 72 లక్షలకు దిగితే కథ వేరు. రిజిస్ట్రేషన్ 5.4, మరమ్మతులు 6 కలిపి 83.4 లక్షలు. ఎఫ్‌డీల నుంచి 20, ఫండ్ల నుంచి 7 తీయండి, లోను 56.4 లక్షలు చాలు. ఈఎంఐ సుమారు 55,500. అప్పుడు ఎఫ్‌డీల్లో 4, ఫండ్లలో 5, పీపీఎఫ్‌లో 7 లక్షలు మిగిలే ఉంటాయి. అద్దె 25 వేలు తప్పుతుంది కాబట్టి కొత్తగా పడే భారం ముప్పై వేలు, రెండేళ్లకు కారు లోను తీరితే అది ఇరవై ఒక్క వేలకు దిగుతుంది. 72 అంటే అన్యాయమైన బేరం అని మొహమాటపడకండి. ఇప్పుడు 25 వేల అద్దె ఇస్తున్నారు, ఏడాదికి 3 లక్షలు. అదే అద్దె పలికే ఇంటికి 82 లక్షలు పెడితే మూడున్నర శాతం పైచిలుకు రాబడి, అంతే.

పాత ఫ్లాటులో గోడలకు ఏటా విలువ తగ్గుతుంది, పెరిగేది కింద నేల. డాక్యుమెంటులో మీ వాటాకు ఎన్ని అవిభాజ్యపు గజాలు, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే నేలలో మీ వంతు, రాశారో చూడండి. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలం రావాలి. కొందరు బిల్డర్లు ఆ రోజుల్లో కొన్ని గజాలు తమ పేరునే ఉంచుకున్నారు. డాబా మీద పెంట్‌హౌస్ ఉంటే అది ప్లాన్‌లో ఉందో, అనుమతి లేని కట్టడాల కోసం 2007 చివర్లో వచ్చిన బీపీఎస్ పథకంలో క్రమబద్ధం చేయించారో అడగండి. తర్వాత కిందికి దిగి సెల్లార్‌లో స్తంభాలు చూడండి. ప్లాస్టరు రాలి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనిపిస్తే మీ 6 లక్షల మరమ్మతు లెక్క సరిపోదు, ఆ ఖర్చు అన్ని ఇళ్ల వాళ్లూ పంచుకోవాలి. పంచుకునే అలవాటు ఉందో లేదో తెలియాలంటే అసోసియేషన్ పద్దు పుస్తకం ఒక్కసారి తిరగేస్తే చాలు. మోటారు కాలితే ఎవరిచ్చారు, ఎన్నాళ్లకు ఇచ్చారు అన్నీ అందులోనే ఉంటాయి.

అమ్మేవాళ్ల విషయంలో రెండు జాగ్రత్తలు. వాళ్లు హిందువులై, యజమాని వీలునామా రాయకుండా పోయి, ఫ్లాటు ఆయన స్వార్జితమైతే భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమాన వాటా. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ ఉంటుంది. పెళ్లయిపోయిందని కూతురి సంతకం వద్దంటే ఒప్పుకోకండి, తన వాటా వదులుకుంటూ ఆమె రిలీజ్ డీడ్ రాస్తే తప్ప. కొడుకు అమెరికా నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంప్ వేయించాలి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ఫ్లాటుకు అది చాలు, స్థలం లింకు డాక్యుమెంట్లు మాత్రం అంతకు ముందువి కూడా చూపించమనండి.

రెండోది టీడీఎస్, అంటే అమ్మేవాళ్లకు డబ్బిచ్చేటప్పుడే మీరు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం. 50 లక్షలు, ఆపైన అమ్మకానికి 1 శాతం కోయాలని బ్రోకరు చెప్పేది ఇక్కడ ఉన్నవాళ్ల వాటాలకే సరిపోతుంది. ఎన్ఆర్ఐ అయిన కొడుకు వాటాకు క్యాపిటల్ గెయిన్స్ రేటు, అంటే దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం, పైన సెస్సు. తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన పని ఆ కొడుకుది. తేకపోతే మొత్తం వాటా మీద కోయండి. కోయకపోతే పన్ను శాఖ పట్టుకునేది కొన్నవాళ్లని, అంటే మిమ్మల్ని. కొంత నగదుగా ఇవ్వమంటే అదీ వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా కాగితం మీద ధర తగ్గితే మీ లోనూ తగ్గుతుంది.

పన్ను మిగులుతుందన్న ఆశతో లోను పెంచుకోకండి. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, పాత విధానంలో అయితే ఏడాదికి 2 లక్షల వరకు ఉంది. లోనుతోపాటు బ్యాంకు అంటగట్టే సింగిల్ ప్రీమియం బీమా పాలసీ తప్పనిసరి కాదు. మీవారి పేరున విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. ఫ్లోటింగ్ రేటు లోనును ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు కాబట్టి, కారు ఈఎంఐ అయిపోయాక ఆ 9 వేలు దీనికే మళ్లించవచ్చు.

ఇదంతా విని ఇన్ని తిప్పలెందుకు, మేడ్చల్ వైపు కొత్త ఫ్లాటు కొనేద్దామని ఎవరైనా అంటారు. కట్టుబడిలో ఉన్నదైతే 5 శాతం జీఎస్టీ అదనం. అంతకంటే, మీరు రోజూ స్కూలుకు నడిచి వెళ్తున్నారు, మోండా మార్కెట్, స్టేషన్ దగ్గరే. అత్తయ్యగారికి ఈ వీధులన్నీ అలవాటే. దాని విలువ నేను లెక్క కట్టలేను గానీ సున్నా మాత్రం కాదు. 72కు రాకపోతే ఇప్పుడున్న ఇంట్లోనే అద్దెకు ఉండండి, నెలకు ముప్పై వేలు ఫండ్లలో వేయండి. మారేడుపల్లిలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఇదొక్కటే కాదు, ఇంకోటి అమ్మకానికి వస్తుంది.

బేరం కుదిరితే అడ్వాన్సు లక్షకు మించకుండా చెక్కు రూపంలో ఇవ్వండి. బ్యాంకు లాయరు కాగితాలు చూసి ఇచ్చే లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోతే అడ్వాన్సు పూర్తిగా వాపసు ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించండి, అమ్మేవాళ్లు ముగ్గురూ సంతకాలు పెట్టాకే చెక్కు చేతికివ్వండి.