చంకలో దురద... ముందు ఆ ట్యూబు ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు. మాది విశాఖపట్నంలో గాజువాక. జగదాంబ దగ్గర బట్టల షాపులో పనిచేస్తాను. బస్సు దిగేసరికే యూనిఫాం జాకెట్టు చంకల దగ్గర తడిసిపోతుంది. పై అరలోంచి చీర తీయాలంటే వాసన వస్తుందేమోనని టెన్షన్. ఈమధ్య చంకలు నల్లబడి దురద పెడుతున్నాయి. నిమ్మచెక్క, వంటసోడా రుద్దితే మంట పుట్టింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద తగ్గింది. మానేస్తే మళ్లీ వచ్చింది, మచ్చ ఇంకా పెద్దదైంది. ఏం చేయాలి?

జవాబు: ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో ఉందేమో చూడండి. నా అనుమానం, ఉండే ఉంటుంది. తామర, అంటే ఫంగస్ దురద అని వచ్చేవాళ్లు సంచిలోంచి ఇలాంటి ట్యూబు తీయని రోజు నాకు గుర్తులేదు. అది స్టిరాయిడ్. దురదను అణిచేస్తుంది, కింద ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. చంక చర్మం పలచన, పైగా మడత. అక్కడ మందు ఎక్కువగా ఇంకుతుంది. నెలల తరబడి రాస్తే చారలు పడతాయి, పడ్డాక పూర్తిగా పోవు. ఆపిన కొత్తలో దురద పెరగొచ్చు. భయపడి మళ్లీ అదే రాయకండి, ఈ వారంలోనే చర్మ డాక్టరుకి చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది. కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ అవునో కాదో తేలిపోతుంది. అన్నట్టు, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి, తువ్వాళ్లు వేరు చేయండి.

ఇక చెమట. మన ఊరి గాలిలో తేమకి అది ఆరదు, అందులో మీ తప్పేం లేదు. నిజానికి చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు, చంకలోని బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడితేనే వాసన. డియోడరెంట్ వాసనని కప్పుతుంది, చెమటని ఆపదు. చెమట తగ్గాలంటే అల్యూమినియం క్లోరైడ్ ఉన్న యాంటీపర్స్పిరెంట్ కావాలి. దాన్ని పొద్దున్న హడావుడిగా పూసుకుంటే దండగ. రాత్రి చెమట తక్కువ కాబట్టి పడుకోబోయే ముందు బాగా ఆరిన చంకకి రాసి, పొద్దున్నే కడిగేయాలి. గుణం కనిపించాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. షేవింగ్ చేసిన రోజు వద్దు. మీరైతే దురద, పుండు పూర్తిగా మానేదాకా మొదలుపెట్టొద్దు. ఈలోగా సంచిలో ఇంకో కాటన్ జాకెట్టు పెట్టుకుని షాపుకెళ్లాక మార్చుకోండి.

నలుపుకి నిమ్మచెక్క మందు కాదు. ఆ పులుపుకి చర్మం మండుతుంది, మండిన చోట ఇంకా నల్లబడుతుంది. బిగుతు జాకెట్టు చేతుల ఒరిపిడి, రేజరు, సెంటు స్ప్రేలు కూడా కారణాలే. ఇవి మానేసినా రంగు తేరుకోవడానికి నెలలు పడుతుంది. ఒక్కటి మాత్రం అద్దంలో చూసుకోండి: మెడ వెనక కూడా మఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా ఉందా? ఉంటే క్రీముల మీద డబ్బు తగలేయకుండా షుగర్ పరీక్ష చేయించుకోండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని వాళ్లలో చర్మం అలా మారుతుంది.

ప్రశ్న: నాకు 31. చంకలో సెగ్గడ్డలు వస్తాయి, పగులుతాయి, రెండు నెలలకి మళ్లీ అక్కడే. వేడి చేసిందంటారు ఇంట్లో. (మద్దిలపాలెం)

జవాబు: మజ్జిగ తాగితే పోయే వేడి కాదిది. మళ్లీ మళ్లీ అదే చోట వస్తున్నాయంటే హైడ్రాడెనైటిస్ అనే చర్మవ్యాధి కావచ్చు. శుభ్రత లేక వచ్చేది కాదు, పక్కవాళ్లకి అంటదు. గడ్డలు పిండకండి. సిగరెట్ ఉంటే మానండి, బరువు ఎక్కువైతే తగ్గండి. ఆలస్యం చేస్తే చర్మం కింద సొరంగాల్లా దారులు పడతాయి, అప్పుడు ఆపరేషన్ దాకా పోవచ్చు. గడ్డ తగ్గిందని ఊరుకోకుండా, అది ఉన్నప్పుడే వచ్చి చూపించండి.