జాకెట్టు సరిపోయిందా, కుదిరిందా?

సందేహం: బ్లౌజు కటింగ్ నేర్పే పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘మీ కొలతలతో మీకు సరిపోయే జాకెట్టు’ అని శీర్షిక పెడితే మా అత్తగారు చదివి, ‘సరిపోయే కాదమ్మా, కుదిరే అనాలి’ అన్నారు. రెండూ ఒకటే కదా? ఇంత ఆలోచించే బదులు ‘ఫిట్టింగ్’ అని రాసేస్తే సరిపోదా? అలాగే ‘ఆది జాకెట్టు’ అనాలా, ‘అది జాకెట్టు’ అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ అత్తగారి మాటే రైటు. ‘ఫిట్టింగ్’ రాస్తే తప్పేమీ లేదు. టైలర్లూ, కుట్టించుకునేవాళ్ళూ అందరూ అంటున్న మాటే. అయితే ఫిట్టింగ్ బాగాలేదు అన్నంత మాత్రాన లోపం ఎక్కడుందో నేర్చుకునేవారికి తెలియదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఈ తేడాలను ఎప్పటి నుంచో వేరువేరు క్రియలతో చెబుతున్నారు. వాటిని పాఠాల్లోకి తీసుకోకపోతే మనకే నష్టం.

మొదటిది పట్టడం. ‘పోయినేడు కుట్టించిన జాకెట్టు ఇప్పుడు పట్టడం లేదు’ అంటే అసలు ఒంటికి ఎక్కడం లేదని. గాజులకూ, చెప్పులకూ ఇదే మాట. దీని రాతలో ఒక పొరపాటు తరచూ కనిపిస్తోంది. ‘ఈ జాకెట్టు నాకు పడుతుంది’ అన్నది సరైన వాక్యమే. దాన్ని చూసి భూతకాలంలో ‘పడింది’ అని రాస్తున్నారు. అక్కడున్న క్రియ ‘పట్టు’ కాబట్టి ‘పట్టింది’ అనే రాయాలి. ‘గంట పడుతుంది’ అనేవాళ్ళం ‘గంట పట్టింది’ అంటాం కదా, ఇదీ అంతే.

సరిపోవడం లెక్కకు సంబంధించింది. గుడ్డ సరిపోయింది, పొడవు సరిపోయింది, నడుము దగ్గర అంగుళం సరిపోలేదు, ఇలా టేపుతో కొలిచి చెప్పగలిగిన వాటికి వాడతాం.

కుదరడం అలా కాదు. బేరం కుదిరింది, కూర కుదిరింది, మనసు కుదుటపడింది అంటాం. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటాం. దేని చోట అది కదలకుండా నిలవడం అన్న భావం వీటన్నిటిలోనూ ఉంది. జాకెట్టు కుదిరిందంటే భుజం జారలేదు, చంక దగ్గర ముడతలు పడలేదు, చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేవలేదు అని అర్థం.

మీ పాఠానికి పనికొచ్చే ఉదాహరణే చెబుతాను. ఇద్దరు స్త్రీలకు ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలే అనుకోండి. నాలుగో వంతు 9 అంగుళాలు గీసి, దానికి లూజు, కుట్టుకు వదిలేది కలుపుతారు. అందులో ఒకామెకు వీపు వెడల్పు, ఇంకొకామెకు ముందు భాగం నిండుగా ఉంటుంది. ఇద్దరికీ ఒకే కాగితం నమూనా పెట్టి గుడ్డ కోస్తే చుట్టుకొలత ఇద్దరికీ సరిపోతుంది. జాకెట్టు మాత్రం ఏ ఒక్కరికీ కుదరకపోవచ్చు. ఒకామెకు వీపు మీద లాగుతుంది, ఇంకొకామెకు ముందు పట్టేసి వెనక వదులవుతుంది. వీపు వెడల్పు విడిగా కొలవడం, ముందు ముక్కలో డాట్ల (ఒంటి ఆకారం రావడానికి గుడ్డను కోణంగా మడిచి వేసే కుట్లు) లోతు మార్చడం దీనికోసమే. సరిపోయిన జాకెట్టును కుదిరేలా చేయడమే మీరు నేర్పుతున్న విద్య. అందుకే మీ శీర్షికలో ఆ మాటే ఉండాలని నా పట్టుదల.

ఇక నప్పడం చూడ్డానికి సంబంధించినది. చక్కగా కుదిరిన జాకెట్టు రంగు నప్పకపోవచ్చు. కటింగ్ పాఠంలో దాని అవసరం తక్కువ.

‘ఆది జాకెట్టు’ అని దీర్ఘంతోనే రాయండి. కొలతకు మూలంగా టైలరుకు ఇచ్చేది కాబట్టి ఆది. ‘అది’ అని రాస్తే ‘ఆ వస్తువు’ అన్న అర్థం వచ్చి వాక్యం తారుమారవుతుంది. ఆది కొలతలు, ఒంటి కొలతలు అని పాఠాల్లో రెండుగా విడదీసి రాస్తే ఇంకా మంచిది. ఆది జాకెట్టును బట్టి గీస్తే దానిలో ఉన్న లోపం కొత్తదానికీ వస్తుంది. ఒంటి కొలతలతో గీసేటప్పుడు ఆ బెడద లేదు గానీ, లూజు ఎంతో మనమే తేల్చుకోవాలి.

శీర్షికలో ఇంకో చిన్న మార్పు కూడా చేయండి. టైలరుకు ఇస్తే కుట్టించుకోవడం, సొంతంగా చేస్తే కుట్టుకోవడం. మీ పాఠకురాలు కాగితం మీద తనే గీసుకుని, తనే కోసుకుని, తనే మిషను ఎక్కుతుంది కాబట్టి ‘మీకు కుదిరే జాకెట్టు మీరే కుట్టుకోండి’ అని పెట్టండి.