పరుగులో ఉప్పెంత? ఇనుమెప్పుడు?

ప్రశ్న: నవంబరులో మొదటిసారి 42 కిలోమీటర్లు పరుగెత్తబోతున్నాను. 18వ కిలోమీటరు దాటగానే పిక్కలు పట్టేస్తున్నాయి. గంటకు రెండు సాల్ట్ క్యాప్సూల్స్ వేసుకోమంటున్నారు తోటివాళ్లు. మంచిదేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ చెమట లెక్క తేల్చుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. పోటీ జరిగే వేళకే, పోటీ వేగంతోనే గంటసేపు పరుగెత్తండి. తిరిగొచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూగండి. 68 కిలోలు 67.1 అయి, మధ్యలో 300 మి.లీ. నీళ్లు తాగి ఉంటే, గంటలో పోయిన చెమట 1.2 లీటర్లు. బీచ్ రోడ్డు ఉక్కపోతలో ఒక లెక్క వస్తుంది, చలికాలం పొద్దుట ఇంకో లెక్క వస్తుంది. అందుకే రెండు మూడు సార్లు చూడండి.

లీటరు చెమటలో సోడియం ఒకరికి 460 మి.గ్రా. ఉంటే మరొకరికి 1,800 దాకా ఉంటుంది. ఆరిన బనియను మీద తెల్లని చారలు కట్టడం, కళ్లు మండటం ఎక్కువ ఉప్పు పోతోందనడానికి గుర్తులే తప్ప కొలతలు కావు. పోయినదంతా దారిలోనే పూడ్చనక్కర్లేదు. రెండు గంటలు మించిన పరుగుకు గంటకు 300–600 మి.గ్రా. సోడియం చాలామందికి సరిపోతుంది. క్యాప్సూల్ సీసా మీద ‘సోడియం’ అంకె చూడండి, ‘సాల్ట్’ అంకె కాదు. గ్రాము ఉప్పులో సోడియం సుమారు 390 మి.గ్రా. మాత్రమే.

ఇంట్లో కలుపుకోవచ్చు. లీటరు నీళ్లకు 60 గ్రాముల పంచదార, గ్రామున్నర ఉప్పు, ఒక నిమ్మకాయ రసం. గ్రామున్నర అంటే మెత్తటి ఉప్పు సమంగా కొట్టిన పావు టీస్పూను. కల్లుప్పయితే స్పూను లెక్క తప్పుతుంది, తూచుకోవాలి. చారలు కట్టేవాళ్లు రెండున్నర గ్రాముల దాకా పెంచుకోవచ్చు. గంటకు 500–600 మి.లీ. చొప్పున, గుక్కలు గుక్కలుగా తాగాలి. దీనితో పాటే ఎనర్జీ జెల్ (పరుగులో శక్తికి మింగే చిక్కటి తీపి పదార్థం) తీసుకుంటే కడుపులో తీపి చిక్కబడి వికారం వస్తుంది. జెల్ తిన్నప్పుడు మంచినీళ్లే తాగండి.

ఇక పిక్కల సంగతి. పరుగులో పట్టేసేవాళ్ల రక్తంలో సోడియం, మెగ్నీషియం మిగతావాళ్లకంటే తక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో సాధారణంగా తేలలేదు. అలవాటు లేని వేగం, అలవాటు లేని దూరం వల్ల అలిసిన కండరమే ఎక్కువసార్లు కారణం. ఆగి, మోకాలు చాచి, కాలి వేళ్లను మీవైపు లాగి అర నిమిషం పట్టుకోండి. 18 దగ్గర పట్టేస్తోందంటే మొదటి పది కిలోమీటర్ల వేగం తగ్గించి చూడండి. వారాంతపు లాంగ్ రన్ దూరాన్ని మెల్లగా పెంచండి.

క్యాప్సూల్ వేసుకున్నామన్న ధైర్యంతో ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగేవాళ్లను చూస్తే భయమేస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం పడిపోయి కనిపించింది. పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలు దాటినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. అతిగా నీళ్లు తాగితే ఉప్పు క్యాప్సూల్ కాపాడలేదు. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం, తికమక కనిపిస్తే ఇంకా నీళ్లు తాగించకండి, వైద్య శిబిరానికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకుని పరుగెత్తవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తాగవచ్చు, కానీ అది విరేచనాలకు చేసిన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రా. ఉప్పు, 13.5 గ్రా. గ్లూకోజ్, 1.5 గ్రా. పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రా. ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. సోడియం 1,700 మి.గ్రా. పైనే వస్తుంది, శక్తికి కావలసిన పిండిపదార్థం మాత్రం చాలదు. వెంట అరటిపండో ఖర్జూరాలో ఉండాలి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో కలపడమే ఎక్కువగా జరిగే పొరపాటు. చిక్కదనం రెట్టింపై వికారం, విరేచనాలు మొదలవుతాయి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. మీ ఊరి పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. పరుగు ముగిశాక తాగడానికి బాగుంటాయి.

ప్రశ్న: వయసు 34. హిమోగ్లోబిన్ 12.4, ఫెరిటిన్ 14. వారానికి 50 కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని, ఇప్పుడు 30కే ఆయాసం. ఇనుము మాత్ర వేసుకోనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఖనిజాల మాత్రల్లో పరుగును నిజంగా మార్చగలిగేది ఇదే, అదీ లోటు ఉన్నప్పుడే. హిమోగ్లోబిన్ 12 పైనే ఉన్నా మీ ఇనుము నిల్వ అడుగంటింది. ఆ నిల్వను చూపేదే ఫెరిటిన్, క్రీడాకారులకు అది 35 కంటే తగ్గితే లోటుగానే చూస్తారు. మాత్ర మొదలుపెట్టే ముందు నెలసరి రక్తస్రావం ఎంతుందో డాక్టరుకు చెప్పండి, కారణం అక్కడే ఉండవచ్చు.

కఠినమైన పరుగు తర్వాత మూడు నుంచి ఆరు గంటల్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, పేగులో ఇనుమును అడ్డుకుంటుంది. అందుకే పొద్దున్నే, పరుగుకు ముందో లేక ముగిసిన అరగంటలోపో మాత్ర వేసుకోవాలి. రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటికి పడుతుంది, మలబద్ధకమూ తగ్గుతుంది. డాక్టర్లు 60 నుంచి 100 మి.గ్రా. రాస్తారు. ఆ అంకె అసలు ఇనుముదా, లవణం మొత్తానిదా చూసుకోండి. 200 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఇనుము 65 మి.గ్రా.కు మించదు. నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర కనీసం గంటన్నర దూరంలో ఉండాలి. మలం నల్లబడటం మామూలే. 8–12 వారాలకు మళ్లీ ఫెరిటిన్ చూపించుకోండి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు, లాంగ్ రన్ మర్నాడు ఈ పరీక్షకు రక్తమివ్వకండి. వాపు వల్ల ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది.

ఎర్రకణాల సైజు చిన్నదై, ఫెరిటిన్ మామూలుగా ఉన్నవాళ్లు తలసీమియా మైనర్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త లోపం) పరీక్ష చేయించుకోవాలి. వాళ్లు ఊరికే ఇనుము మింగితే అది ఒంట్లో పేరుకోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రలు అందని చోట దాచండి, వాళ్లకు ఇవి విషం.

ప్రశ్న: హాఫ్ మారథాన్‌కు ముందు వంటసోడా తాగితే అలసట రాదంటున్నారు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. దాని ప్రయోజనం ఒకటి నుంచి పది నిమిషాల్లో ముగిసే తీవ్రమైన పోటీలకు. మోతాదు కిలోకు 0.3 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 18 గ్రాములు, అందులో సోడియమే దాదాపు 5 గ్రాములు. కడుపు ఉబ్బి, విరేచనాలతో రోడ్డు పక్కన ఆగాల్సి వస్తుంది.

ప్రశ్న: బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. పరుగు నీళ్లలో తక్కువ సోడియం ఉప్పు కలుపుకోవచ్చా? మెగ్నీషియం కూడా వేసుకోమంటున్నారు. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆ ఉప్పు వద్దే వద్దు. అందులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. రెండూ కలిసి, పైన ఎండదెబ్బకు కిడ్నీ మందగిస్తే గుండె లయ తప్పవచ్చు. నొప్పి రాకుండా ముందే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకునే అలవాటుంటే మానండి, అవీ కిడ్నీని దెబ్బతీస్తాయి. మెగ్నీషియంతో పిక్కలు పట్టడం ఆగుతుందనడానికి ఆధారం లేదు. ఆక్సైడ్ రకమైతే విరేచనాలే మిగులుతాయి. మామూలు ఉప్పయినా ఎంత కలపాలో మీ డాక్టరుతో మాట్లాడాకే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), పొటాషియం పరీక్షలు చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.